ముక్కుగుడ్డ

రహమత్ బీ పొద్దున్నే చేసే పని ఒకటి బందరులో ఆ వీధి వీధంతటికీ తెలుసు. వాకిలి ఊడ్చి, పొయ్యి వెలిగించి, మొగుణ్ణి అరుగు మీదకి పిలిచి ముక్కు చీదమనేది. చీదిన గుడ్డ వెలుతురుకి పట్టి చూసేది. తెల్లగా ఉంటే ఆ పూటంతా ఆవిడ నోట మంచి మాట వచ్చేది. బూడిద చార కనిపించిందా, సుభానికి టీ నీళ్లతో పాటు చీవాట్లు కూడా దొరికేవి.

వీధి వాళ్లు నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకునేది ఆమె. ఆమె పుట్టింది దూదేకులవాళ్ల ఇంట, మెట్టింది దూదేకులవాళ్ల ఇంట. మొవ్వలో వాళ్ల నాన్న జీవితమంతా దూది ఏకి ఏకి, ఆఖరి రోజుల్లో గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. నడుం వాలిస్తే ఊపిరి ఆడేది కాదు. వాళ్లమ్మ ఆయన గుండె మీద చెయ్యి వేసి రాస్తూ, "మనిళ్లల్లో మగాళ్లు తిన్న అన్నం కంటే మింగిన దూదే ఎక్కువ" అనేది. పెద్దదయ్యాక రహమత్ బీకి తండ్రి ముఖం సరిగా గుర్తుండేది కాదు. ఆయన వీపు ఆనీ ఆనీ గోడ మీద పడిన నూనె మరక మాత్రం కళ్లు మూసుకున్నా కనపడేది.

సుభాని పనిమంతుడు. భుజాన దూదేకే విల్లు వేసుకుని "పరుపులేకుతాం, దిండ్లేకుతాం" అని కేకేస్తూ వీధులన్నీ తిరిగేవాడు. పని ఇచ్చిన వాళ్ల అరుగు మీదే కూర్చుని, పాత పరుపు విప్పి, గడ్డ కట్టిన దూదిని వింటి తాడుకి ఆనించి కొయ్యతో కొట్టేవాడు. తాడు టంగుటంగుమని మోగుతుంటే దూది పాలపొంగులా లేచేది. దాంతో పాటే ఏళ్ల నాటి దుమ్మూ లేచేది. రహమత్ బీ పక్కన కూర్చుని, ఏకిన దూదిని గలీబులో కూరి దబ్బనంతో కుట్టేది. వాళ్లిద్దరూ కుట్టిన పరుపు మీద పడుకుంటే నిద్ర మాత్ర అక్కర్లేదని బందరులో పేరు.

దివిసీమ ఉప్పెన రాకముందు ఏడాది సుభానికి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు చప్పుడు వినగానే రహమత్ బీకి మొవ్వలో గోడ గుర్తొచ్చింది. కూతురు జహీదాని గుడివాడ ఇచ్చారు. ఆ పిల్ల తండ్రిని పట్టుబట్టి అక్కడ ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

"దగ్గుకి మందిస్తాను గానీ దుమ్ముకి ఇవ్వలేను గదా సాయిబూ," అన్నాడాయన. "పని చేసినంతసేపూ ముక్కూ నోరూ కప్పుకో. మాస్కు కట్టుకో. లేదంటే విల్లు అటక మీద పెట్టెయ్."

విల్లు అటకెక్కితే పొయ్యిలో పిల్లి లేవదు. ఇక మాస్కు ఏదో రహమత్ బీయే తేల్చుకోవాలి. సుభాని మొదట తన తువ్వాలే మూతికి చుట్టుకున్నాడు. అది మందం. ఊపిరి ఆడక, చెమటకి తడిసి, ఒక దిండు ఏకేలోపే పీకి అవతల పారేశాడు. తర్వాత ఆమె మందుల షాపులో కట్టు కట్టే గుడ్డ తెచ్చింది. అది పల్చన. కాసేపు బాగానే ఉందనిపించింది గానీ, మర్నాడు ముక్కు చీదితే చార అలానే ఉంది.

ఆఖరికి పెట్టె అడుగు నుంచి వాళ్లమ్మ నమాజుకి తల మీద కప్పుకున్న మల్లు ఓణీ తీసింది. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన గుడ్డ, నేత మాత్రం చిక్కన. నాలుగు మడతలు వేసి నోటికి ఆనించుకుని ఊపిరి పీల్చి చూసింది. గాలి వస్తోంది. మళ్లీ అదే మడతల మీద ఇంత పసుపు పోసి ఊదింది. అవతలికి రాలేదు. ఆ సాయంత్రమే కత్తెర వేసింది.

కుట్టడంలోనూ కష్టపడింది. మధ్యలో కుచ్చు పెట్టి గుడ్డ దోసిలిలా గుంటగా నిలబడేట్టు చేసింది, పెదాలకి అంటుకోకుండా. పై అంచు ముక్కు దూలం మీద కూర్చోవాలి. పై నాడాలు నడినెత్తి మీద ముడి, కింద నాడాలు మెడ వెనక ముడి. బయటి వైపు ఒక మూల ఎర్ర దారంతో చిన్న ముడి వేసింది. ఎర్ర ముడి ఎప్పుడూ లోకానికి కనపడాలి, తిరగేసి కట్టుకుంటే దుమ్మంతా తనే మింగుతాడు. ఒకటి ఉతికి ఎండేస్తే కట్టుకోవడానికి ఇంకోటి ఉండాలని రెండు కుట్టింది. గడ్డం దగ్గరే పేచీ వచ్చింది.

"పక్కల్నించి దుమ్ము దూరుతంది. కాస్త కత్తిరించుకోవచ్చు గదా?"

"నా గడ్డం జోలికి రాకు. నా జోలికి రా, పర్లేదు."

ఆమె గొణుక్కుంటూ కింది అంచు ఇంకో జానెడు పెంచి, గడ్డం మొత్తం అందులోకి వచ్చేట్టు కుట్టింది.

కట్టుకున్నాడు గానీ, పనిలో పడగానే ముక్కు మీద నుంచి కిందకి లాగేసుకునేవాడు.

"అదేంటయ్యా, ముక్కు బయటపెట్టావ్?"

"మూతిగుడ్డ గదే, మూతికుంది."

"మూతిగుడ్డ అంటావు కాబట్టే మూతికి కడతన్నావ్. ముక్కుగుడ్డ అను. అను, నేను వినాలి."

"ముక్కుగుడ్డ. సరేనా తల్లీ? ముక్కుగుడ్డ, ముక్కుగుడ్డ."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దానికి అదే పేరు. వీధి చివర సైకిల్ షాపు నిజాముద్దీన్ చూసి ఊరుకుంటాడా? సుభానిని బావా అనీ, ఆమెని అక్కా అనీ పిలిచే మనిషి. "ఏం బావా, ఎద్దుని నూర్పిళ్లకి తోలుతన్నట్టు అక్క నీకు చిక్కం కట్టిందే! వడ్లు బొక్కుతావనా?" అన్నాడు.

"మీ అక్క చేతి కూర తప్పించుకుందామని నేనే కట్టించుకున్నాన్రా," అన్నాడు సుభాని గుడ్డ లోంచే.

"నీ నోటిక్కూడా ఒకటి కుడతా ఉండు నిజామూ," అంది రహమత్ బీ. "వీధికి పీడ వదులుద్ది."

నెలలు గడిచే కొద్దీ దగ్గు సద్దుకుంది. మంగినపూడి దాకా విల్లు మోసుకుని ఎక్కడా ఆగకుండా నడిచి వెళ్లి వచ్చాడు. పొద్దుటి గుడ్డ తెల్లగా ఉండసాగింది. రహమత్ బీకి లోపల కొంచెం గర్వం కూడా వచ్చింది. నాన్నని దక్కించుకోలేకపోయింది, మొగుణ్ణి దక్కించుకుంది.

ఆ కార్తీకంలో ఉప్పెన వచ్చింది. బందరులో వాళ్ల ఇంటి కప్పు లేచిపోయింది గానీ ప్రాణాలు దక్కాయి. దివిసీమ సంగతి చెప్పడానికి అక్కడి నుంచి వచ్చిన వాళ్లకే నోరు రాలేదు.

మాఘం ఎండలు వచ్చాక, అవనిగడ్డ దగ్గర ఒక పల్లె నుంచి వెంకటపతి అనే ఎండుచేపల వ్యాపారి వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలో నిలబడి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు చేతులు నలుపుకున్నాడు.

"ఒక పరుపు ఉందండీ. నీళ్లలో నానిపోయింది. పారెయ్యనివ్వదు మా ఆవిడ. ఏకి కుట్టి పెట్టాలి. కానీ మీరే మా ఇంటికి రావాలండీ. దాన్ని గడప దాటనివ్వదు."

ఇద్దరూ బస్సెక్కి వెళ్లారు. వెంకటపతిది డాబా ఇల్లు కాబట్టి నిలబడింది. చుట్టూ ఇళ్లుండే చోట మట్టి చదునుగా ఉంది. గుమ్మానికి ఆనుకుని అతని భార్య వీరలక్ష్మి నిలబడి ఉంది. తల దువ్వుకుని ఎన్నాళ్లయిందో. పరుపు చిన్నది, పిల్లది. పున్ని అని పిలిచే పున్నమ్మ, ఒక్కతే కూతురు. ఉప్పెన రోజు అమ్మమ్మ దగ్గరికని పక్క పల్లెకి వెళ్లింది. అమ్మమ్మా లేదు, పిల్లా లేదు. పిల్ల శవమైనా దొరకలేదు.

రహమత్ బీ పరుపు తడిమి చూసి మెల్లిగా అంది: "ఉప్పునీళ్లు తాగిన దూదమ్మా. మంచినీళ్లలో జాడించి, ఎండలో పోసి, అప్పుడు ఏకితే బాగుంటది."

"తడపద్దు," అంది వీరలక్ష్మి. "దాని వాసన పోద్ది."

సుభాని కుట్లు విప్పాడు. లోపల దూది బూజు పట్టి, ఒండ్రు మట్టి ఎండి పిడచలుగా ఉంది. వేలితో మీటితేనే తెల్లటి ఉప్పు పొడి లేచింది. అతను అలవాటుగా సంచిలోంచి గుడ్డ తీసి, ఎర్ర ముడి బయటికి పెట్టి కట్టుకున్నాడు.

"ఏంటది?" అంది వీరలక్ష్మి.

రహమత్ బీ వెనకా ముందూ చూడలేదు. ఎవరు అడిగినా చెప్పినట్టే, కాస్త మురిపెంగానే చెప్పింది: "ముక్కుగుడ్డమ్మా. నేనే కుట్టాను."

వీరలక్ష్మి గుమ్మం వదిలి అరుగు మీదకి వచ్చింది.

"ముక్కుగుడ్డా?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "అప్పుడూ వచ్చారు బూబమ్మా, ముక్కుగుడ్డలోళ్లు. అట్టానే పిలిచేవాళ్లం వాళ్లని. శవాల్ని బళ్లకెత్తుకుని పోయేవాళ్లు. బండి వచ్చినప్పుడల్లా పరిగెత్తాను, మా పున్ని ఉందేమోనని. దగ్గరికి రావద్దమ్మా, కంపు అనేవాళ్లు. ఇప్పుడు దాని పరుపు కూడా కంపేనా?"

"ఊరుకోవే," అన్నాడు వెంకటపతి. "ఆయన దుమ్ముకని కట్టుకున్నాడు."

"దుమ్మో, కంపో. నా ఇంట్లో ముక్కు మూసుకుంటన్నారు. దాని పరుపు ముందర కూర్చుని ముక్కు మూసుకుంటన్నారు!"

రహమత్ బీకి తల కొట్టేసినట్టయింది. చావింట్లో కాలు పెట్టి ముక్కు మూసుకునే మనుషులా మేం అనుకుంది. తను పెట్టిన పేరు తన నోట్లోనే చేదయిపోయింది. లేచి మొగుడి వెనక్కి వెళ్లింది. మెడ వెనక ముడి విప్పింది. నెత్తి మీద ముడీ విప్పింది. సుభాని తలెత్తి చూశాడు. గుడ్డ పైన ఆ రెండు కళ్లూ అడిగిన మాటేంటో ఆమెకి తెలుసు. అటు చూడలేదు.

"ఒక్క పరుపే గదయ్యా," అంది.

అతను విల్లు దగ్గరికి లాక్కున్నాడు. వింటి తాడు మోగించాడు. ఉప్పు దుమ్ము పొగలా లేచి గడ్డం మీద, కనురెప్పల మీద పేరుకుంది. దగ్గు వస్తే భుజంలోకి ముఖం దాచుకుని మింగేశాడు. దగ్గితే కూడా ఆ తల్లి ఏమనుకుంటుందోనని మింగేశాడు. రహమత్ బీ దబ్బనం పట్టుకుని, తల వంచుకుని, కుట్టు తర్వాత కుట్టు వేసింది. పరుపు పూర్తయ్యాక వీరలక్ష్మి దాన్ని రెండు చేతులతో లోపలికి ఎత్తుకెళ్లింది, నిద్రపోతున్న పిల్లని తీసుకెళ్లినట్టు.

తిరుగు బస్సులో సుభాని దారి పొడుగునా దగ్గాడు.

ఆ తర్వాత రోజుల్లో పనికి కొదవ లేదు. నీళ్లలో నానిన పరుపులు ఎన్ని ఊళ్లలో ఉన్నాయో! ఘంటసాల అనీ, చల్లపల్లి అనీ పిలుపులు. మొదటి ఇంట్లో రహమత్ బీ సంచిలోంచి గుడ్డ తీయబోతే అతనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దులేవే. ఈ పరుపు మీద ఎవరు పడుకునేవాళ్లో ఏమో. వీళ్లకీ ఎవరో ఒకరు పోయుంటారు."

అప్పుడు ఆమె గట్టిగా అనుండాల్సింది. ఇంతకు ముందయితే అనేది, వీధంతా వినపడేట్టు అనేది. ఇప్పుడు, ఆ రోజు విప్పిన చేత్తో మళ్లీ కట్టే ముఖం లేకపోయింది. గుడ్డ సంచిలో పెట్టేసింది. ఇంటికొచ్చి రెండు గుడ్డలూ మేకుకి తగిలించింది. పొద్దున్నే ముక్కు చీదమని పిలవడం మానేసింది. గుడ్డ మీద ఏ రంగు ఉంటుందో తెలిసిన మనిషి ఏం చూస్తుంది? వీధి వాళ్లు ఆ సంగతి గమనించారు గానీ, ఏదో మొగుడూ పెళ్లాల మధ్య అలక అనుకున్నారు.

శ్రావణం వచ్చేసరికి సుభాని కొయ్య ఎత్తలేకపోయాడు. నాలుగు దెబ్బలు వేసి ఆగేవాడు. తర్వాత ఆ నాలుగూ లేవు. గోడకి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. జహీదా గుడివాడ నుంచి వచ్చి చూసి, తల్లిని పక్కకి పిలిచి, "నాన్న ఆ గుడ్డ కట్టుకుంటన్నాడా అమ్మా?" అని అడిగింది. రహమత్ బీ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, "కట్టుకుంటన్నాడే" అంది. పొగ లేని పొయ్యి ముందు కళ్లు తుడుచుకుంది.

విల్లు ఆమే పట్టింది. ఆడమనిషి విల్లు పట్టడం ఆ వీధి ఎరగదు. అయినా నిజాముద్దీన్ కూడా ఒక్క వేళాకోళం ఆడలేదు. అదే ఆమెకి ఎక్కువ నొప్పిగా ఉండేది. ఇంటి అరుగు మీదే ఏకేది, ముఖానికి ఏ అడ్డూ లేకుండా. మేకుకున్న గుడ్డ తీసి, గోడకి ఆనుకున్న మనిషి చూస్తుండగా తన ముక్కు తను కాపాడుకోవడానికి చెయ్యి వెళ్లేది కాదు. సుభాని చూసేవాడు. గోడ మీద అతని వీపు ఆనిన చోట అప్పటికే చిన్న మరక పడింది. అతను పెరట్లోకి వెళ్లినప్పుడు ఆమె సున్నం పూసేది. మళ్లీ పడేది.

వానలు తెరిపిచ్చిన ఒక రోజు గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. చాపలో చుట్టిన పరుపు చంకన పెట్టుకుని వీరలక్ష్మి! గడప దాటనివ్వని పరుపుని ఆవిడే బస్సులో పెట్టుకుని తెచ్చింది.

"చెమ్మెక్కుతంది బూబమ్మా," అంది కూర్చుంటూ. "వాన పడితే చాలు, పొద్దుటికి తడే. గడ్డలు కట్టేసింది. ఉప్పు పోలేదు. నువ్వు ఆ రోజే చెప్పావు, నేను విన్లేదు. వాసనా పోయింది, ఏమీ లేదు. కడుగు."

అప్పుడు గోడ దగ్గర సుభానిని చూసింది.

"సాయిబుకేమయింది?"

రహమత్ బీ పరుపు చుట్టిన చాప విప్పసాగింది. సుభానే నవ్వాడు. "వయసమ్మా. మంచినీళ్లు తాగుతారా?" ఆ రెండు మాటలకే దగ్గు వచ్చింది. ఈసారి మింగలేకపోయాడు. ఆ దగ్గు అయ్యేదాకా ఇద్దరాడవాళ్లూ నేల చూస్తూ కూర్చున్నారు.

వీరలక్ష్మి చూపు మేకు మీదకి వెళ్లింది. రెండు గుడ్డలూ దుమ్ముకొట్టుకుని వేలాడుతున్నాయి. ఎర్ర ముళ్లు కూడా బూడిద రంగయ్యాయి.

"అవి కట్టుకోవటం లేదా?"

సుభాని తల పక్కకి తిప్పుకున్నాడు.

"మా ఇంటి దగ్గర్నుంచేనా?"

"అదేం లేదమ్మా," అంది రహమత్ బీ గబగబా. అబద్ధం అంత గట్టిగా చెప్పకూడదని చెప్పాక తెలిసింది.

"మీ పాప పరుపు వాసన రాలేదమ్మా," అన్నాడు సుభాని, ఊపిరి కూడదీసుకుని. "ఉప్పు వాసన. అంతే. మీకు ఆ రోజు చెప్పలేకపోయాను."

వీరలక్ష్మి పైట చెంగు ముఖానికి అడ్డం పెట్టుకోబోయింది. ముక్కు దాకా వచ్చిన చెయ్యి అక్కడే ఆగి కిందకి దిగిపోయింది.

దూది కడిగారు. రహమత్ బీ తొట్టిలో జాడిస్తుంటే వీరలక్ష్మి బావి నీళ్లు తోడి పోసింది. నీళ్లు తెల్లగా తేరేదాకా పోసింది. ఎండ చూసుకుని ఆరబోశారు. ఆరాక వస్తానని వెళ్లిన వీరలక్ష్మి మళ్లీ వచ్చింది. రహమత్ బీ అరుగు మీద విల్లు సర్దుకుని కూర్చుంది. వీరలక్ష్మి లోపలికి వెళ్లి మేకు మీది గుడ్డలు రెండూ తీసి, దులిపి, ఉతికి తెచ్చి ఎండలో వేసింది. మల్లు గుడ్డ, చిటికెలో ఆరిపోయింది.

"కట్టుకో," అని చెయ్యి చాపింది.

"నాకొద్దమ్మా." రహమత్ బీ గోడ వైపు చూడకుండా అంది.

"నీకు వద్దంటే నాకు కట్టు. ముక్కుగుడ్డ." ఆ మాట అనడానికి ఆవిడ ఒకసారి ఆగాల్సి వచ్చింది. "నేనూ దగ్గర కూర్చుంటా. దూది అందిస్తా. దాని పరుపు గదా."

రహమత్ బీ లేచింది. ఎర్ర ముడి బయటికి పెట్టింది. "పై అంచు ముక్కు దూలం మీద ఉండాలమ్మా. కిందకి లాక్కోకూడదు. చేత్తో ముందు వైపు ముట్టుకోకూడదు." ఇవన్నీ తెలిసిన మనిషే గదా ఆ రోజు విప్పింది! నాడా జారింది.

"ముడి వదులైంది," అన్నాడు సుభాని గోడ దగ్గర నుంచి. "జారిపోద్ది. గట్టిగా వెయ్యి."

ఇన్ని నెలల్లో ఆ గుడ్డ గురించి అతను మాట్లాడటం అదే మొదలు. రహమత్ బీ ముడి బిగించింది.

"రెండోది నువ్వు కట్టుకో."

ఆమె అతని వైపు వీపు పెట్టి, దొంగతనం చేస్తున్నట్టు గుడ్డ ముఖానికి ఆనించుకుంది. అందులో ఇంకా తల్లి ఓణీ మెత్తదనం ఉంది. నాడాల కొసలు మాత్రం చేతికి దొరకలేదు.

"ఇటు రా," అన్నాడతను.

వెళ్లింది. అతని ముందు, వీపు అతనికి పెట్టి, నేల మీద కూర్చుంది. తన ముఖం అతనికి కనపడనందుకు బతికిపోయాననుకుంది. సుభాని నాడాలు పట్టుకున్నాడు. మెడ వెనక ముడి వేశాడు. నెత్తి మీది ముడి సగంలో ఆగాడు, ఊపిరి తీసుకోవడానికి. గరగరమని ఊపిరి ఆమె వెనక నుంచే వచ్చి చెవిని తాకుతోంది. అవతల వీరలక్ష్మి దూది ఒళ్లో పెట్టుకుని ఎదురు చూస్తోంది. రెండు కొసలూ అతని చేతుల్లోనే ఉన్నాయి. రహమత్ బీ కదలకుండా కూర్చుంది.